బుడగలు కనబడాలి, బావా

మాది జహీరాబాద్ అనీ, నేను చేసే పని మనుషుల్ని సముద్రంలో ముంచి తేల్చడమనీ చెబితే వినేవాళ్లు ముందు నవ్వుతారు. తర్వాత అడుగుతారు. "జహీరాబాద్‌ల అల్లం ఉంటది, చెరుకు ఉంటది, ఆలుగడ్డ ఉంటది. సముద్రం యాడికెల్లి వచ్చిందమ్మా?" అది రాలేదు, నేనే పోయాను. చలి మొదలయ్యాక కొన్ని నెలలు విశాఖ వైపు తీరంలో ఉంటాను. ఒక్కో విడతకు నలుగురినే తీసుకుంటాను, అయిదో మనిషి ఎవరి సిఫారసుతో వచ్చినా ఒప్పుకోను. వాళ్ల వీపులకు గాలి సిలిండర్లు కట్టి, ఒడ్డు నుంచే నడిపించుకుంటూ సముద్రం అడుక్కి తీసుకుపోయి, చూపించాల్సింది చూపించి, మళ్లీ అదే ఒడ్డుకు తెస్తాను.

పడవలో పోయి నడిసముద్రంలో దిగడం చాలామంది చేస్తారు, అది సులువు. ఒడ్డు నుంచి దిగడం వేరే సంగతి. అలలు విరిగే చోటును కాళ్ల మీద దాటాలి. కాళ్ల కింద పాచి పట్టిన రాళ్లు, వీపున బస్తా అంత బరువు, పాదాలకు బాతు కాళ్లలాంటి రబ్బరు ఫిన్స్. ఒక్క అల సమయం తప్పి దాటబోతే అది ఎత్తి రాయి మీద కూలేస్తుంది. లోపలికి పోవడం ఒక కష్టమైతే, అలసిపోయి బయటికి రావడం అంతకంటే పెద్ద కష్టం. నాకు ఈ పనే ఇష్టం. ఎందుకంటారా? మొండిదాన్ని, అంతే.

వానాకాలం సముద్రం కలకబారి లోపల చెయ్యి పెడితే చెయ్యి కనబడదు. ఆ నెలల్లో ఇంటికి వచ్చేస్తాను. మొగుడంపల్లి పోయే తోవలో పని ఆగిపోయిన ఎర్రరాయి క్వారీ ఒకటి ఉంది. వానలకు నిండి నిలువెల్లా నీళ్లతో ఉంటుంది. అది మాకు తెలిసినవాళ్లదే కాబట్టి వాళ్ల ఒప్పుదలతో అక్కడ శిష్యులను తయారు చేసుకుంటాను. చలికాలం సముద్రానికి ఎవరిని తీసుకుపోవాలో, ఎవరిని వద్దనాలో ఆ క్వారీ గట్టు మీదే తేలుతుంది.

నా అనుభవంలో ఈత రానివాళ్లతో ఇబ్బంది లేదు. భయపడతారు, చెప్పింది వింటారు, నెమ్మదిగా నేర్చుకుంటారు. నా ప్రాణం తీసేది బావిలో ఈత నేర్చిన గజ ఈతగాళ్లు. మా వైపు బావి ఈతలో ఒక ఆట ఉంది. గడ్డ మీది నుంచి దూకి, అడుగు ముట్టి, పిడికిలి నిండా మన్ను తీసుకొని పైకి రావాలి. మన్ను చూపిస్తేనే ముట్టినట్టు లెక్క. అందుకు కావలసిన విద్య ఒక్కటే, ఊపిరి బిగబట్టడం. సిలిండర్ కట్టుకున్నవాడిని చంపేది సరిగ్గా ఆ విద్యే.

ఎందుకో చెబుతాను, చిన్న సంగతే. బావిలో మునిగేవాడు గట్టు మీద ఊపిరి పీల్చి లోపలికి పోతాడు. అడుక్కి పోయేకొద్దీ ఆ గాలి నీళ్ల బరువుకు నలిగి చిన్నదవుతుంది, పైకి రాగానే మళ్లీ మామూలవుతుంది. ఎంతసేపు బిగబట్టినా ఛాతీ పగలదు. సిలిండర్ కట్టుకున్నవాడు గాలిని కిందనే పీలుస్తాడు. నలిగి ఉన్న ఆ గాలిని లోపల బంధించి పైకి వస్తే, వచ్చేకొద్దీ అది ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు లేక ఊపిరితిత్తి చీలిపోతుంది. నీళ్లు అంత లోతు కూడా ఉండనక్కర్లేదు. అందుకే నా దగ్గర అన్నిటికంటే పెద్ద మాట ఒకటే. నోట్లోంచి బుడగలు ఎప్పుడూ వస్తూనే ఉండాలి, అవి నాకు కనబడాలి.

ఈ మాట అందరికీ చెప్పాను, అందరూ విన్నారు. వినని మనిషి మా బావ.

బావ అంటే మా అక్క మొగుడు. న్యాల్‌కల్ అవతల పల్లెలో రైతు. యాభై దాటినా ఛాతీ తలుపు చెక్కలా ఉంటుంది. అటు కర్ణాటక పల్లెల్లో కూడా ఆయన పేరు తెలుసు. బావిలో మోటారు జారిపడినా, బిందె పడినా, చెప్పకూడదు గాని మనిషి పడినా, వచ్చి ఆయన్నే తీసుకుపోయేవాళ్లు. మా ఇంట్లో ఆడపిల్లలను బావి దగ్గరికి కూడా పోనిచ్చేవాళ్లు కాదు. అక్క పెళ్లయ్యాక నేను వాళ్లింటికి పోయినప్పుడు, నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి తన బావిలో నాకు ఈత నేర్పింది ఈ బావే. నేను ఇవాళ తినే తిండి ఆయన పెట్టిన భిక్ష అని ఎవరన్నా అంటే కాదనను.

ఆ బావి ఇప్పుడు లేదు. చుట్టూ బోర్లు పడి ఊటంతా అవే లాగేశాయి. ఎండిన బావిలో దూడ ఒకటి పడి చచ్చిపోయాక, రేపు పిల్లలు పడతారని ఆయనే మన్ను పోయించి పూడ్పించాడు. చుట్టుపక్కల బావులన్నీ అంతే. నీళ్లలో బతికిన మనిషికి మునగడానికి చోటే లేకుండా పోయింది. పోయిన వానాకాలం మా ఇంటికి వచ్చి, టీ గ్లాసు చేతిలో పెట్టుకొని చాలాసేపు తాగకుండా కూర్చున్నాడు. చివరికి అడిగాడు.

"ఈసారి నన్ను గూడ తోల్కపో మరదలా. సముద్రం అడుగు ఎట్లుంటదో జూస్త."

దవాఖానలో గుండె, ఊపిరితిత్తులు చూపించాం. డాక్టరు ఫికర్ లేదన్నాడు. ఆ ఏటి గుంపులో అప్పటికే ముగ్గురున్నారు, జహీరాబాద్‌లో పాఠాలు చెప్పే టీచరమ్మ, హైదరాబాద్ నుంచి బైకుల మీద వచ్చే ఇద్దరు దోస్తులు. బావ నాలుగోవాడయ్యాడు.

మొదటి రోజు క్వారీలో ఆయన్ని మిగతా ముగ్గురితో కలిపి అడుగు దాకా దించాను. మోకాళ్ల మీద కూర్చోండి, ఊరికే పీల్చి వదలండి అని గట్టు మీదే చెప్పి దించాను. ముగ్గురూ కూర్చున్నారు. బావ నేరుగా పోయి రెండు చేతులతో అడుగు బురద తోడాడు. ఏళ్ల తరబడి పేరుకున్న ఎర్రమన్ను లేచి, క్షణంలో అంతా కషాయమైపోయింది. ఎవరికి ఎవరూ కనబడరు. తడుముకుంటూ ఒక్కొక్కరిని పట్టి ముగ్గురినీ పైకి తెచ్చాను. బావ అప్పటికే గట్టు దగ్గర తేలి, రెండు పిడికిళ్లూ ఎత్తి చూపిస్తున్నాడు.

"ముట్టిన, చూడు."

టీచరమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "బావా, ఇక్కడ ఎవ్వరు సాక్ష్యం అడుగుతలేరు. మన్ను గిన్ను తేవద్దు" అన్నాను. సరే అన్నాడు. మన్ను తేవడం మానేశాడు గాని అసలు జబ్బు వేరే చోట ఉంది.

సిలిండర్‌కు గాలి ఎంత మిగిలిందో చూపే ముల్లు ఉంటుంది. ఒకే లోతులో ఒకేసేపు ఉండి పైకి వస్తే అందరి ముళ్లూ సగం దాటి పడిపోయేవి. బావది మాత్రం కొంచెమే కదిలేది. ఆయన అది అందరికీ చూపించేవాడు. "మీరు గాలిని మంచినీళ్లలెక్క తాగుతున్నరు. నాది ఎంత మిగిలిందో చూడుండ్రి." హైదరాబాద్ దోస్తులు చప్పట్లు కొట్టేవాళ్లు. విత్తనాలు దాచుకునే రైతు గాలి కూడా దాచుకుంటున్నాడు. ఒక ఊపిరి పీల్చి, బిగబట్టి, ఇక తట్టుకోలేనప్పుడు వదిలి, మళ్లీ పీల్చి బిగబట్టడం. ఆయన దృష్టిలో అది పొదుపు. నా దృష్టిలో అది కత్తి పట్టుకొని నిద్రపోవడం. పక్కన ఈదుతూ ఆయన మొహం ముందు బుడగల కోసం చూసేదాన్ని, అవి రాక నాకే ఊపిరాడేది కాదు.

అలా చేస్తే పైకి వచ్చాక తలనొప్పి వస్తుంది. లోపల చెడ్డగాలి పేరుకుపోతుంది కాబట్టి. ఒకరోజు గట్టెక్కగానే బావ రుమాలు తీసి తలకు గట్టిగా బిగించి కట్టుకున్నాడు.

"తలకాయ నొస్తుందా బావా?"

"ఎండకు."

మబ్బులు కమ్మి సన్నగా తుప్పర పడుతోంది. నేను పైకి చూశాను, ఆయన కూడా చూశాడు. ఆ సాయంత్రమే అక్క ఫోన్ చేసింది. "క్వారీకెల్లి వచ్చిన కాడికెల్లి తలకాయ పట్టుకొని పంటున్నడే. ఇదే మొదలు కాదు. నీకు జెప్పొద్దన్నడు."

ఊపిరి దాచడం ఒకటైతే, నొప్పి కూడా దాచేవాడిని నేను సముద్రంలోకి ఎలా తీసుకుపోను? అక్కడ అల లేపుతుంది. బిగబట్టిన ఛాతీతో ఒక్క అల లేపితే చాలు. మరుసటిసారి గట్టు మీద ఆయన్ని పక్కకు పిలిచి చెప్పేశాను.

"బావా, నిన్ను సముద్రానికి తోల్కపోను."

చాలా మెల్లగా అడిగాడు. "నాకు ఈత రాదంటవా?"

"ఈత వచ్చు. ఊపిరి ఇడుసుడు వస్తలేదు."

"నీకు నేర్పిందే నేను."

"అవును. గందుకే జెప్తున్న."

మొహం ఎర్రగా అయింది. మరదలి చేత ముగ్గురు పరాయివాళ్ల ముందు, వాళ్లకు వినబడకపోయినా, మాట పడిన మనిషి. బండి తీసి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. నాకు బాధ వేసింది. అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. మిగతా ముగ్గురికీ ఆ వారం నా చేతిలో తిట్లు ఎక్కువే పడ్డాయి.

అక్క మా ఇంటికి వచ్చింది. మధ్యవర్తిత్వానికి వచ్చిందనుకున్నాను. మొక్కై వంగనిది మానై వంగుతుందా, వదిలెయ్ అంటుందనుకున్నాను. రెండూ అనలేదు.

"బావి పూడిసినప్పటిసంది మీ బావ మనిషి మనిషి లెక్క లేడు. నీ క్వారీకి రాబట్టినంక మళ్ల మాట్లాడుతుండె, తింటుండె. తోల్కపోతే మంచిదే. గాని నా మొహం జూసి తోల్కపోకు. నీకు నమ్మకం కుదిరితేనే తోల్కపో. ఆయనకేమన్నయితే, నేను నిన్ను గూడ పోగొట్టుకుంట."

అది చెప్పి, తెచ్చిన జొన్నరొట్టెల మూట పెట్టి వెళ్లిపోయింది. ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. వద్దని చెప్పి చేతులు దులుపుకోవడం సులువు. ఆయన నాకు ఈత నేర్పినప్పుడు ఎన్నిసార్లు మునిగాను, ఎన్ని గుటకలు తాగాను, ఒక్కనాడైనా నీకు రాదు పో అన్నాడా? నేర్పాల్సిందే అని గట్టిగా అనుకున్నాను. ఎట్లా అన్నది మాత్రం తెలియలేదు.

ఒక పొద్దున వాళ్ల చేను దగ్గరికి పోయాను. ఊళ్లో అందరూ ట్రాక్టర్లకు మారినా, సాళ్ల మధ్య పనికి బావ ఇంకా ఒక జత ఎడ్లను ఉంచుకున్నాడు. కంది సాళ్లలో కలుపు తీసే గుంటుక తోలుతున్నాడు. నన్ను చూసి కూడా ఆపలేదు. గట్టు మీద కూర్చున్నాను. సాలు చివరికి వచ్చి ఎడ్లను మలిపేటప్పుడు కూత పెట్టాడు. హో అని మొదలై, ఎడ్లు పూర్తిగా తిరిగి మళ్లీ సాలు పట్టేదాకా, తెగకుండా సాగే కూత. నేను లేచి నిలబడ్డాను. ఆ కూత సాగినంతసేపూ ఆయన ఛాతీలోంచి గాలి బయటికి పోతూనే ఉంది. ఈ మనిషికి ఊపిరి వదలడం రాదని నేను అన్నాను గదా. రోజూ పొద్దంతా వదులుతూనే ఉన్నాడు, నీళ్లలో తప్ప.

ఎడ్లను ఆపి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చేను నడుమ ఒక చోట చూపించాడు. అక్కడ కంది మిగతా చేను కంటే కొంచెం పొట్టిగా ఉంది. "గదే బావి ఉన్న జాగ. గుంటుక తోల్కుంట గాడికి రాంగనే కాళ్లు ఆగుతయి. ఎడ్లు గూడ ఆగుతయి" అన్నాడు.

"బావా, నీళ్లల్ల గా కూత పెడ్తవా?"

"పిచ్చి లేసిందా? నీళ్లల్ల ఎడ్లు యాడున్నయే?"

"ఎడ్లు లేకుంటే నేనుంట గద. నన్నే తోల్తున్ననుకో."

చాలా రోజుల తర్వాత నవ్వాడు. "నిన్ను తోలుడు నాతోని గాదు. మీ అమ్మనాన్నతోనే కాలే" అన్నాడు. మరునాడు క్వారీకి వచ్చాడు.

నీళ్లలో నోట్లో రబ్బరు పెట్టుకొని కూత పెడితే మాట రాదు గాని మూలుగులాంటి చప్పుడు వస్తుంది. నీళ్లలో చప్పుడు బాగా పాకుతుంది. ఆయన ఏ మూల ఉన్నా నాకు వినబడేది. ఒక అడుగు పైకి లేచినా కూత పెట్టాలి, కూత ఆగితే కదలకూడదు. ఇదీ మా ఒప్పందం. మొదట సిగ్గుపడ్డాడు. దోస్తులిద్దరూ ముసిముసిగా నవ్వారు. నేను వాళ్ల వైపు ఒక చూపు చూశాను, మళ్లీ నవ్వలేదు. పైగా కొన్ని రోజులకు వాళ్లు కూడా పైకి వచ్చేటప్పుడు హో అంటూ రావడం మొదలుపెట్టారు. గట్టు మీద మేకలు కాసే ముసలమ్మ, నీళ్లలోంచి ఈ చప్పుడేమిటని భయపడి మేకలను దూరంగా తోలుకుపోయింది.

వానలు తగ్గేనాటికి కూత అవసరం తగ్గింది. పీల్చడం, వదలడం ఒక వరసలో పడింది. బుడగలు నిదానంగా, తెగకుండా వచ్చేవి. రుమాలు మెడ మీదే ఉండేది. ఒకరోజు పైకి వచ్చి ముల్లు చూసుకొని మొహం వేలాడేశాడు. "నా గాలి గూడ అందరి లెక్కనే ఒడుస్తుందే" అన్నాడు. శభాష్ బావా అన్నాను. ఉన్నదంతా ఖర్చు చేసి వచ్చినందుకు మెచ్చుకునే మనిషిని ఇప్పుడే చూస్తున్నానని ఆయన సణిగాడు. నాకు సగం నమ్మకం కుదిరింది. మిగతా సగం సముద్రం ముందు కుదరాలి.

చలికాలం నలుగురినీ తీసుకొని తీరానికి పోయాను. మేము దిగే చోట ఇసుక తక్కువ, రాళ్లు ఎక్కువ. రెండు పెద్ద రాళ్ల మధ్య సందులాంటి దారి ఉంటుంది, అలలు అందులోంచే వచ్చి విరుగుతాయి. బావ సముద్రాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. చాలాసేపు నిలబడి చూసి, "దీనికి అవుతల గడ్డ లేదు" అన్నాడు.

దిగేముందు ఒడ్డున కూర్చోబెట్టి నా ఆఖరి మాట చెప్పాను. "లోపల ఎవరైనా సరే, ఎప్పుడైనా సరే, బొటనవేలు పైకి చూపిస్తే అందరం పైకి వచ్చేద్దాం. వేలు ఎత్తితే బాగుందని కాదు, పైకి పోదామని. ఎందుకని ఎవ్వరూ అడగొద్దు. లోపల అడగొద్దు, బయటికి వచ్చాక కూడా అడగొద్దు." కారణం అడుగుతారని తెలిస్తే మనిషి వేలెత్తడు. సరైన కారణం దొరికేదాకా ఆగుతాడు, ఆలోగా ప్రాణం మీదికి వస్తుంది. ఈ మాట మావాళ్లకు మింగుడుపడదని నాకు తెలుసు. జహీరాబాద్ బస్టాండులో పక్కన కూర్చున్న మనిషి కూడా ఎక్కడికి, ఎందుకు, అక్కడ ఎవరున్నారు అని అడుగుతాడు. అడగకపోతే కోపమొచ్చిందని లెక్క.

అలలు జట్లుజట్లుగా వస్తాయి. పెద్దవి కొన్ని వచ్చాక కొంచెం తెరిపి ఇస్తాయి. ఆ తెరిపి కోసం నిలబడ్డాం. నోట్లో గాలిగొట్టం, కళ్లకు అద్దం, ఒకరి భుజం ఒకరు పట్టుకొని వెనక్కి వెనక్కి నడక. "పడితే లేవొద్దు, పాకుండ్రి" అని గొట్టం తీసి అరిచాను. దోస్తుల్లో ఒకడు పడ్డాడు, పాకాడు. టీచరమ్మ పళ్లు బిగించి నడిచింది. నడుము లోతు రాగానే అందరినీ ముంచేశాను. నీళ్లలోకి పోగానే ఆ హోరంతా ఆగిపోయి, మా బుడగల చప్పుడే మిగిలింది.

నేను ముందు, నా పక్కనే బావ, వెనక ముగ్గురు. రాళ్ల వాలు వెంబడి దిగాం. పైన అల పోతున్నప్పుడల్లా అడుగున నీళ్లు మమ్మల్నందరినీ ముందుకు తోసి మళ్లీ వెనక్కి లాగుతాయి. దానితో కొట్లాడకూడదు, ఊగుతూ పోవాలి. బావ చక్కగా ఊగుతున్నాడు. బుడగలు వస్తున్నాయి. నేను చూపించాల్సింది చేపలనే గాని, ఆయన బుడగలు తప్ప ఏమీ చూడలేదు.

ఒక పెద్ద రాయి మలుపు తిరిగేసరికి టీచరమ్మ నా కాలు తట్టింది. రాయి నీడలో సముద్రపు తాబేలు ఒకటి పడుకొని ఉంది. తాబేలును చూడాలని ఆమె వానాకాలం అంతా నన్ను సతాయించింది. ముగ్గురూ అటు తిరిగారు. సరిగ్గా అప్పుడే రాయి మీది నుంచి పసుపు చారల చేపల గుంపు ఒకటి జారుతూ వచ్చి బావను చుట్టేసింది. వందలు ఉంటాయి. ఆయన తలచుట్టూ, చేతుల మధ్యలోంచి, ముట్టకుండా తిరుగుతున్నాయి. బావ కదలకుండా నిలిచిపోయాడు. అద్దంలోంచి ఆయన కళ్లు కనబడుతున్నాయి, అంత పెద్ద కళ్లు ఆయనకు ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది.

బుడగలు లేవు.

నేను అటు కాళ్లు కొట్టాను. మా ఇద్దరి మధ్య దూరం ఎంతో లేదు గాని నీళ్లు నన్ను వెనక్కి లాగుతున్నాయి. పైన పెద్ద అల వస్తున్న నీడ అడుగున పడింది. అది లేపితే ఆయన లేస్తాడు, బిగబట్టిన ఛాతీతో లేస్తాడు. అక్క మొహం నాకు కనబడింది. నీళ్లలో అరవలేను. చెయ్యి చాపాను, అందలేదు.

నేను అందుకునేలోగానే బావ ఒక్కసారి తల విదిలించాడు. ఛాతీలోంచి గాలంతా వెళ్లగక్కాడు. బుడగలు మొహాన్ని కప్పేశాయి, చేపలు చెదిరిపోయాయి. కళ్లు నా మీద నిలిపి, కుడిచెయ్యి ఎత్తి, బొటనవేలు పైకి చూపించాడు.

బాగున్నావా అని సైగ చేశాను. మళ్లీ వేలు చూపించాడు, ఈసారి గట్టిగా. నేను పోయి మిగతా ముగ్గురి ముందు నా బొటనవేలు పెట్టాను. టీచరమ్మ తాబేలు వైపు చూసింది, నా వైపు చూసింది, తిరిగింది. నెమ్మదిగా లేచాం. తక్కువ లోతులో కాసేపు ఆగి, రాళ్ల సందు దగ్గరికి వచ్చి, తెరిపి చూసి, పాకుతూ బయటపడ్డాం. పైకి వచ్చినంతసేపూ బావ బుడగలు ఒక్కసారి కూడా తెగలేదు.

ఒడ్డున సిలిండర్లు దించుకొని కూర్చున్నాం. ఎవరూ మాట్లాడలేదు. టీచరమ్మ జుట్టు పిండుకుంటోంది. దోస్తులు తమ ఫిన్స్‌లోంచి ఇసుక దులుపుతున్నారు, ఒకసారి దులిపిన ఇసుకనే మళ్లీ దులుపుతున్నారు. అడగాలని నాకు నాలుక దురద పెడుతోంది. ఏమైంది బావా, నొప్పా, ఊపిరాడలేదా, చెప్పు. నేను పెట్టిన నియమం నేనే తప్పకూడదని నోరు మూసుకొని సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాను.

బావకు ఆ మౌనం భరించరానిదైంది. ఒక్కొక్కరి మొహం చూశాడు. ఒడ్డున పెట్టిపోయిన రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఒక్కలన్న అడుగుండ్రి. కోపమొచ్చిందా అందరికి?"

"కోపం లేదు బావా. అడగొద్దని జెప్పిన గద."

"నువ్వు జెప్పినవ్. గాని నాకు జెప్పాలనున్నది." రుమాలు ఒళ్లో పెట్టుకున్నాడు. "నొప్పేం లే. గాలి గూడ మంచిగనే వస్తుండె. గా చేపలు చుట్టు తిరుగుతుంటే మస్తుగనిపిచ్చింది. బావి పోయినంక అంత మంచిగ ఎన్నడనిపియ్యలే. ఊపిరి ఇడవబుద్ధి కాలే. ఇడిస్తే బుడగలకు అవి పోతయని బిగవట్టిన." తల దించుకున్నాడు. "జర సేపైతే ఇగ ఇడువకపోదును. గది ఎరుకై భయమైంది. నా అంతల నాకే భయమైంది. గందుకే వేలెత్తిన."

భయమైంది అన్న మాట ఆయన నోట నేను ఎన్నడూ వినలేదు. చీకటి బావుల్లో దిగి శవాలు తెచ్చిన మనిషి. నాకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. దోస్తుల్లో ఒకడు లేచి పోయి ఆయన పక్కన కూర్చున్నాడు.

"తాబేలు ఖరాబైపాయె మీది" అన్నాడు బావ టీచరమ్మతో.

"తాబేలు ఇక్కడనే ఉంటది" అందామె.

బావ రుమాలు మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచాడు. "ఇగ నన్ను ఇంటికి తోల్తవు గావచ్చు" అన్నాడు నాతో, నా వైపు చూడకుండా.

"తోల్త" అన్నాను. "రేపు మళ్ల దిగినంక."